ఎదురెదురుగా ఒక్క పూట

నవంబరు 9, ఆదివారం

ఈ డైరీ కంపెనీ వాళ్లు జనవరిలో ఇచ్చారు. పది నెలలుగా గూట్లోనే ఖాళీగా పడి ఉంది. ఇవాళ తీశానంటే కారణం ఉంది. ఈ మాట బయట ఎవరితో అన్నా నవ్వుతారు కాబట్టి ఇందులోనే రాసుకుంటున్నాను. నాకు నా మొగుడితో ఎదురెదురుగా కూర్చుని ఒక్క పూట అన్నం తినాలని ఉంది.

పెళ్లయి పద్దెనిమిదేళ్లు అవుతోంది. స్నేహ పుట్టాక పిల్ల ఒంటరిగా ఉండకూడదని ఇద్దరం అడిగి మరీ వేయించుకున్న షిఫ్టులు ఇవి. నాది మాత్రల ప్యాకింగు, పొద్దున ఆరు నుంచి రెండింటి దాకా. ఆయనది మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో రసాయనాలు ఉడికించే రియాక్టరు మీద, రెండు నుంచి రాత్రి పది దాకా. నేను ఇంటికి వచ్చేసరికి ఆయన బస్సెక్కేసి ఉంటాడు. ఆయన వచ్చేసరికి నేను నిద్రలో ఉంటాను. నాలుగింటికి లేచి వండి ఆయన డబ్బా కట్టి వెళ్తాను. నాకు ఆదివారం సెలవు, ఆయనకు గురువారం. గురువారమైతే కొండాపూర్ దగ్గరి మా అత్తగారి ఊళ్లో చేను చూడటానికి పోతాడు. ఆదివారం పొద్దున ఇద్దరం ఇంట్లోనే ఉన్నా ఆయన తింటుంటే నేను బట్టలు ఉతుకుతూ ఉంటాను. కుదరక కాదు, అలవాటు తప్పింది.

జూన్‌లో స్నేహ ఇంటర్ కోసం సంగారెడ్డి హాస్టల్‌కు పోయింది. కాపలా కాయాల్సిన పిల్ల ఇంట్లో లేదు. షిఫ్టులు మాత్రం అలాగే ఉన్నాయి.

నిన్న కంపెనీలో నాకు బహుమతి ఇచ్చారు. ఏడాదిలో ఒక్క రోజు కూడా నాగా పెట్టనందుకు అట. సిటీ అవతల ఉన్న పెద్ద ఆటల పార్కుకు ఇద్దరికి పాసులు, ఒక రాత్రి బస, ఇద్దరికి రాత్రి భోజనం, పోయివచ్చే రెండు రోజులకు నాగా కింద రాయని సెలవు. "సలికాలంల నీళ్లల్ల దుంకుమని పాసులిచ్చిన్రు, ఏం తెలివే వీళ్లది!" అంది లైనులో నా పక్కన పనిచేసే వెంకటలక్ష్మి. అననీ. డిసెంబరు నాలుగు మా పెళ్లిరోజు. ఈసారి గురువారం పడింది, ఆయన సెలవు రోజే. ఆడబోయిన తీర్థం ఎదురైనట్టు అంటే ఇదే.

నవంబరు 11, మంగళవారం

తెల్లవారుజామున అన్నం మాడింది. మూత తీయకముందే మాడు వాసన వీధిలోకి వెళ్లింది. మళ్లీ వండితే బస్సు పోతుంది. పైపైన తీసి డబ్బాలో పెట్టాను. అది ఎంత మాడిందో నా చేతులకు తెలుసు. సాయంత్రం ఆయన తినే వేళకు భయపడుతూ ఫోన్ చేశాను.

"అన్నం ఎట్లున్నదయ్యా?"

"మస్తున్నది. ఎప్పటిలెక్కనే."

ఒక్క మాట వంక పెట్టలేదు. ఇలాంటి మొగుడు మా చిట్కుల్ ఊళ్లో ఎంతమందికి ఉన్నాడు? రేపు వెంకటలక్ష్మికి చెప్పాలి. వాళ్లాయన ఉప్పు తగ్గితే పళ్లెం విసురుతాడు.

నవంబరు 16, ఆదివారం

పొయ్యి మీద పాలు పెట్టి వెనకాల బట్టలు ఉతుకుతున్నాను. వంటింటి గడప పక్కనే కుర్చీ వేసుకుని ఆయన ఉన్నాడు. కాసేపటికి మాడు వాసన వెనక్కి కొట్టింది. పరుగెత్తుకొచ్చాను. నాతోపాటే పక్కింటి ఒరియా ఆమె కూడా వచ్చింది. పాలు లేవు, గిన్నె నల్లగా ఉంది, ఇల్లంతా పొగ. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"నీ ముక్కు కింద మాడుతున్నది గదయ్యా! ఏం జేస్తున్నవ్?"

"ఫోన్‌ల ఉన్న. జూస్కోలే."

ఆ ఫోన్ తీసి బావిలో వేయాలి. బావి లేదు కాబట్టి బతికిపోయింది.

నవంబరు 18, మంగళవారం

పార్కు వాళ్లకు ఫోన్ చేశాను. భోజనం ఏది కావాలో ముందే ఎంచుకుని చెప్పాలట. ఫోనులో అమ్మాయి మూడు రకాలు చదివింది. ఒకటి, నలభై రకాల బఫే, పక్కన పాటలు, డాన్సులు. రెండోది, బల్ల మీదే నిప్పుల పొయ్యి, ముక్కలు కాల్చుకుని తినడం. మూడోది, చెరువు పక్కన ఇద్దరికే ఒక బల్ల, కొవ్వొత్తి, పూలు.

వెంకటలక్ష్మి బఫే అంది. "నలభై రకాలే! పొద్దుగాల నుంచి ఏం తినకుండ పో." కానీ నేను ఆలోచించాను. బఫేలో ఆయన పళ్లెం పట్టుకుని ఒక దిక్కు పోతాడు, నేను ఒక దిక్కు. నేను వచ్చి కూర్చునేసరికి ఆయన చెయ్యి కడుక్కుంటూ ఉంటాడు. అక్కడ కూడా షిఫ్టు డ్యూటీయే అవుతుంది. నిప్పుల పొయ్యి అంటే మళ్లీ నేనే కాల్చి వడ్డించాలి.

మూడోదే. ఇద్దరికే బల్ల, ఇద్దరికే కుర్చీలు. లేచి పోవడానికి ఇంకో చోటు లేదు.

నవంబరు 22, శనివారం

ఆ మూడోదాంట్లో ఏం పెడతారంటే సూపు, వెన్న పనీరు, తెల్ల సాసులో ఉడికించిన కూరగాయలు. వినగానే నా నాలుక చచ్చింది. పెళ్లిరోజున తెల్ల సాసా?

మాకు కావలసింది నాటుకోడి కూర. ఎందుకో మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. పెళ్లిచూపులకు వచ్చిన రోజు మా అమ్మ, నేను కలిసి ఆ కూర వండాం. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి పెనం మీద విడివిడిగా వేయించి రోట్లో దంచిన మసాలా. నన్ను చూడకముందే ఆయన మా నాయనతో అన్న మాట ఇది: "ఇల్లెక్కడని ఎవల్నీ అడగలే మామా. వాసన పట్టుకొని వచ్చినం." అప్పటికే ఒప్పుకున్నాడని మా అమ్మ లోపలికి వచ్చి నా చెవిలో చెప్పింది.

పార్కు అమ్మాయి కుదరదంది. మళ్లీ చేశాను. కుదరదంది. మూడోసారి, "మీ వంట పెద్దకు ఇయ్యి ఫోను," అన్నాను. త్రినాథరావు అని ఆయన, గోదావరి యాస. అంతా విని నవ్వి, "కోడి నేను తెప్పిస్తానమ్మా. ఆ మసాలా మాత్రం మా వల్ల కాదు, మీరే తెచ్చుకోండి," అన్నాడు.

తెస్తాను. ఎందుకు తేను?

నవంబరు 30, ఆదివారం

కూరలో కారం ఇంకా వేయమంటున్నాడు. ఇప్పుడు వేస్తున్నదానికే తాలింపు పెట్టేటప్పుడు నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

డిసెంబరు 3, బుధవారం

మసాలా దంచాను. గాజు సీసాలో పెట్టి, గుడ్డ చుట్టి, సంచి అడుగున దాచాను. పటాన్‌చెరు మార్కెట్లో చామంతులు, దవనం కొన్నాను. పెళ్లయిన కొత్తలో దవనం పెట్టుకుంటే ఆయన నా వెనకాలే తిరిగేవాడు. రేపు ఏం పెట్టుకున్నానో నేను చెప్పను. ఆయనే చెప్పాలి.

డిసెంబరు 5, శుక్రవారం, పొద్దున, పార్కు గదిలో

ఆయన ఇంకా పడుకునే ఉన్నాడు. అంతా ఉన్నది ఉన్నట్టు రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

నిన్న పొద్దున బస్సులో దవనం వాసనకు ముందు సీట్లో ముసలామె వెనక్కి తిరిగి, "యాడ కొన్నవ్ బిడ్డా?" అని అడిగింది. పక్కనే కూర్చున్న ఆయన కిటికీలోంచి లారీలు చూస్తున్నాడు. గంటన్నర ప్రయాణంలో ఒక్క మాట అనలేదు. నేను ఆ ముసలామెకు గట్టిగా, ఆయనకు వినిపించేలా జవాబు చెప్పాను. అయినా లేదు. పద్దెనిమిదేళ్లకు ఆడదాని జడలో ఏముందో ఎవడికి కావాలి అనుకున్నాను. దిగేసరికి నా ముఖం మాడిపోయి ఉంది.

పార్కులో నైలాను బట్టలు వేసుకుంటేనే నీళ్లలోకి రానిస్తారట. కిరాయికి ఇచ్చిన పూల నిక్కరులో ఆయనను చూశాక కోపం నిలవలేదు. ఎత్తు నుంచి జారుడుబండ మీద జారి, నీళ్లలో పడి, వణుక్కుంటూ లేచి, "ఇగ సాలు భవానీ, ఇంగొక్కపారి ఎక్కితే నేరుగ పైకే పోత," అన్నాడు. ఇద్దరం అంతలా నవ్వి ఎన్నేళ్లయిందో.

పూలు తడవకుండా సంచిలో పెట్టి, సాయంత్రం మళ్లీ పెట్టుకున్నాను.

ఏడింటికి బల్ల దగ్గర కూర్చున్నాం. ఎదురెదురుగా. ఆయన గడ్డంలో ఎడమ పక్క తెల్లబడిందని అప్పుడే చూశాను. త్రినాథరావు స్వయంగా మూత పెట్టిన గిన్నె తెచ్చి మధ్యలో పెట్టాడు. మూత తీయకముందే నాకు మా అమ్మ వంటిల్లు కళ్ల ముందుకు వచ్చింది. పక్క బల్ల దగ్గరి కొత్త పెళ్లికూతురు వాళ్లాయనతో, "మనకెందుకు చెప్పలేదు ఇది?" అని గొణుగుతోంది.

"కండ్లు మూస్కో," అన్నాను. మూసుకున్నాడు. మూత తీసి గిన్నె ఆయన ముఖం దగ్గరికి జరిపాను. "ఇప్పుడు జెప్పు. ఏం కూర?"

ముక్కు ఎగబీల్చాడు. మళ్లీ ఎగబీల్చాడు.

"పనీరు."

బల్ల మీద కార్డులో ముందే అలా రాసి ఉంది. ఆటపట్టిస్తున్నాడని నవ్వాను. "మంచిగ జెప్పయ్యా."

"చేపలా?"

నా నవ్వు ఆగిపోయింది. గిన్నె కింద పెట్టి, ముందుకు వంగాను. నా జడ ఆయన చెంపకు తగిలేంత దగ్గరికి.

"నా జడల ఏం పెట్టుకున్ననో జెప్పు. కండ్లు తెర్వకు."

ఆయన పెదవులు కదిలాయి. "భవానీ," అన్నాడు. "కండ్లు తెర్వనియ్యి. జెర తెర్వనియ్యి."

తెరిచాడు. కూర చూశాడు, నన్ను చూశాడు, తల దించుకున్నాడు. రెండేళ్లయిందట. ముందు అగరొత్తుల వాసన పోయింది. తర్వాత సబ్బు. తర్వాత అన్నీ. రియాక్టరు దగ్గరి ఆవిరికి పోయిందో, మరెందుకు పోయిందో తెలియదు. ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, కారం మండుతుంది. మిగతాదంతా గడ్డి నమిలినట్టే.

"నాకెందుకు జెప్పలే?"

"నాలుగింటికి లేసి వండుతవ్. ఏమని జెప్పాలె?"

కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. ముందు వచ్చింది కోపమే. రెండేళ్లు నేను చీకట్లో లేచి వేయించిన జీలకర్ర, కొత్తిమీర, ఇంగువ అన్నీ గడ్డి. మాడిన అన్నం మస్తున్నది. మాడిన పాలు, ఫోన్‌ల ఉన్న. ఆయన దాచాడు, నిజమే. నేను మాత్రం? ఎదురుగా జరుగుతున్నదంతా చూసి, "ఇలాంటి మొగుడు ఎంతమందికి ఉన్నాడు" అని ఈ డైరీలోనే రాసుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందంటారు. ఇక్కడ రెండు పిల్లులు.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. వాళ్ల పనిలో ఎక్కడన్నా పైపు కారితే మీటరు కంటే ముందు మనిషి ముక్కే పడుతుందని ఆయనే ఎన్నోసార్లు గొప్పగా చెప్పాడు.

"కంపెనీల ఎవలికెర్క?"

"యాదగిరికి. వాడు నా జోడి. వాసనొస్తే వాడే జెప్తడు."

"వాడు రాని నాడు?"

ఆయన గ్లాసు అటు జరిపి, ఇటు జరిపాడు. నేను వడ్డించబోతున్న గరిటె కింద పెట్టేశాను.

చెబితే రియాక్టరు మీద నుంచి తీసేస్తారట. పదహారేళ్లు ఆపరేటరు అనిపించుకున్నవాడు పోయి మూటలు ఎత్తాలా అన్నాడు. ఎత్తు అన్నాను. మూటలు ఎత్తేవాడు సాయంత్రం ఇంటికి వస్తాడు కదా అన్నాను. పక్క బల్లల వాళ్లు చూస్తున్నారు. చూడనీ. కొవ్వొత్తి పెట్టింది మా కోసమే.

"సోమవారం నువ్వు సారుకు జెప్పాలె. నువ్వు జెప్పకుంటే నేనొచ్చి జెప్త."

ఊ అన్నాడు. ఆ ఊ నాకు నచ్చలేదు కానీ తీసుకున్నాను.

పెళ్లిరోజు భోజనం అలా వదిలేసి లేవడం నాకు చేతకాదు. త్రినాథరావును పిలిచాను. అప్పడాలు కావాలన్నాను, కరకరలాడాలి. పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మకాయ చెక్కలు, వేయించిన మిరపకాయలు, బాగా చల్లటి పెరుగు, పొయ్యి మీద నుంచి దిగీదిగని రొట్టె. ఆయన ఏమీ అడగలేదు, అన్నీ పంపాడు. ఒక్కొక్కటి ఆయన పళ్లెంలో పెట్టి, "ఇది తెలుస్తున్నదా? ఇది?" అని అడిగాను. అప్పడం తెలిసింది. నిమ్మకాయ పిండిన ఉల్లిగడ్డకు కళ్లు మూసుకున్నాడు. వేడి రొట్టెలో చల్లటి పెరుగు పెట్టుకుని తిని, "ఇది మంచిగున్నది," అన్నాడు. రెండేళ్లలో ఆయన నాతో నిజంగా అన్న మొదటి "మంచిగున్నది" అదే.

నాటుకోడి కూర నేను తిన్నాను. తింటూ దాని వాసన ఎలా ఉందో ఆయనకు చెప్పాను. చెప్పడం రాలేదు. పెళ్లిచూపుల నాడు మా అమ్మవాళ్ల గల్లీ మొదట్లో నిలబడితే వచ్చిందే అన్నాను. ఆయనకు అర్థమైంది, ఏడ్చాడు.

ఇలాంటి భోజనం కావాలని కోరుకుని వచ్చానా? లేదు. కానీ మర్చిపోయేది మాత్రం కాదు.

డిసెంబరు 8, సోమవారం

చెప్పలేదు.

డిసెంబరు 9, మంగళవారం

చెప్పలేదు. సారు మీటింగులో ఉన్నాడట.

డిసెంబరు 10, బుధవారం

పొద్దున డ్యూటీకి వెళ్తూ బస్టాండులో యాదగిరి భార్య కనిపించింది. తన చెల్లెలి పెళ్లికి పోతున్నారట, మూడు రోజులు. యాదగిరి కూడా.

గురువారం సెలవు పోగా రెండు రోజులు ఆయన రియాక్టరు పక్కన ముక్కు లేకుండా నిలబడతాడు. ఒంటరిగా. ఆయనతోపాటు ఆ షెడ్డులో ఇంకో పదిమంది.

ఏడాదిలో ఒక్క నాగా లేనందుకు బహుమతి తీసుకున్న మనిషిని. ఇవాళ పెట్టాను నాగా. ఒంటిగంటన్నరకల్లా వాళ్ల కంపెనీ గేటు ముందు వాచ్‌మన్ బల్ల మీద కూర్చున్నాను. బస్సు దిగి నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"ఇంటికి పో భవానీ. ఎల్లుండి జెప్త."

"ఎల్లుండికి నువ్వుంటవని ఎవలు జెప్పిన్రు? పోయి జెప్పు. నేనీడనే కూసుంట."

పోయాడు. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో ఆయన ఉద్యోగం పోతుందని, ఇల్లు గడవదని, స్నేహ చదువు ఆగుతుందని అన్నీ అనుకున్నాను. అయినా బల్ల మీద నుంచి లేవలేదు.

బయటికి వచ్చింది విఘ్నేశ్వర్ సారు. ఆయనే ఇన్‌చార్జి. తిడతాడనుకున్నాను. "రెండేండ్లామ్మా?" అని అడిగి, నా పక్కనే బల్ల మీద కూర్చుండిపోయాడు.

డిసెంబరు 14, ఆదివారం

రియాక్టరు నుంచి తీసేశారు. స్టోర్స్‌లో వేశారు. తొమ్మిది నుంచి ఐదున్నర. ఆపరేటరు అన్న పేరు పోయింది. యాదగిరికి మెమో ఇచ్చారు, అన్నీ తెలిసి దాచినందుకు. పెళ్లి నుంచి వచ్చి మెమో చూసుకున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నాలుగు రోజులుగా ఈయన ఇంట్లో నాతో మాట్లాడటం లేదు.

నేను చేసింది తప్పా? కాదు. మళ్లీ అడిగినా కాదు.

డిసెంబరు 19, శుక్రవారం

సంగారెడ్డిలో చెవి ముక్కు డాక్టరుకు చూపించాం. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రోజూ రెండు పూటలా లవంగం, నిమ్మ తొక్క, ఇంకో రెండు వాసన చూడమన్నాడు. ఆ రెండూ నన్నే ఎంచుకోమన్నాడు. ధనియాలు, దవనం అన్నాను. డాక్టరు దవనం అంటే ఏమిటని అడిగాడు. ఈయన నవ్వాడు. పది రోజుల తర్వాత నవ్వాడు.

డిసెంబరు 28, ఆదివారం

ఇప్పుడు ఏడున్నరకు తింటున్నాం. చాప మీద, ఎదురెదురుగా. కారం తగ్గించాను, నిమ్మకాయలు పెంచాను. రోజూ ముద్ద కలపబోతూ ఆయన, "ఏం వాసన?" అని అడుగుతాడు. నేను చెబుతాను. పక్కింటి ఒరియా ఆమె ఎండుచేపలు వేయిస్తోందనో, కంపెనీల దిక్కు నుంచి గాలి తిరిగిందనో, చారులో మిరియాలు ఎక్కువయ్యాయనో. ఆయనకు చెప్పాలని నేను ఇంతకు ముందు పట్టించుకోని వాసనలు కూడా పట్టుకుంటున్నాను.

నిన్న యాదగిరి ఫోన్ ఎత్తాడు. రెండు నిమిషాలు తిట్టి పెట్టేశాడట. తిట్టాడంటే పరవాలేదు.

ఇవాళ స్నేహతో ఫోనులో మాట్లాడుతూ అన్నం మాడబెట్టాను. అడుగంతా నల్లబడింది. మళ్లీ వండొచ్చు. పైపైన తీసి పెట్టి, ఊరుకున్నా ఊరుకోవచ్చు. గిన్నె తెచ్చి మధ్యలో పెట్టాను.

"ఏం వాసన?"

"మాడింది. మస్తు మాడింది."

పళ్లెం ముందుకు జరిపాడు. "అయితే అడుగుది నాకెయ్యి. నాకేం తెలుస్తది?"

సగం ఆయనకు వేశాను. సగం నేను వేసుకున్నాను.

"నీకు తెలుస్తది గదనే," అన్నాడు.

"తెల్వనియ్యి," అన్నాను.

ఇద్దరం తిన్నాం. గిన్నె నానబెట్టాను, రేపు తోముకోవచ్చు.